చీటీ మీద ఒక పేరు, పెట్టెలో ఇంకో జీవి

పెంపుడు జంతువుల దుకాణంలో బల్లి, తొండ, ఉడుము లాంటి జీవులుండే గాజు పెట్టెకు ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఏం తినిపించాలో, ఎంత వేడి పెట్టాలో, ఎంత తేమ ఉంచాలో, ఎంత పెద్ద పెట్టె కొనాలో అన్నీ ఆ చీటీ మీది పేరు చూసే తేల్చుకుంటారు. పేరు తప్పైతే ఎంత చదివినా, ఎంత ఓపికగా సాకినా ఆ శ్రమంతా అక్కడ లేని ఇంకో జీవి కోసం చేసినట్టే. అందుకే తప్పు చీటీని చిన్న పొరపాటుగా చూడటానికి నాకు మనసొప్పదు. అమ్మేవాళ్లు శాస్త్రీయ నామం రాసి పెట్టాలి. కొనేవాళ్లు డబ్బు చేతికి ఇవ్వకముందే ఒంటి గుర్తులు చూసి, ఆ నామం సరైనదో కాదో తేల్చుకోవాలి. ఈ రెండోది కష్టమని చాలామంది అనుకుంటారు. ఎక్కడ చూడాలో తెలిస్తే అంత కష్టం కాదు.

ఆకుపచ్చ ఇగువానా పిల్లనూ చైనీస్ వాటర్ డ్రాగన్ పిల్లనూ తీసుకోండి. రెండూ పచ్చగా, సన్నగా, పొడుగు తోకతో ఉంటాయి. రెండూ కొమ్మ మీద ఒకేలా కూర్చుంటాయి. ఒకదాని చీటీ ఇంకోదాని పెట్టెకు అంటుకోవడం మామూలే. ఇగువానా ఆకులు తినే జీవి. దాన్ని వాటర్ డ్రాగన్ అనుకుని రోజూ కీచురాళ్లు, బొద్దింకలు పెడితే ఇష్టంగానే తింటుంది, పెరుగుతుంది కూడా. కొన్నేళ్ల తరవాత మూత్రపిండాలు పాడయ్యాకే జబ్బు బయటపడుతుంది, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. వాటర్ డ్రాగన్ ప్రధానంగా కీటకాలు తింటుంది. దాన్ని ఇగువానా అనుకుని ఆకులే పెడితే తోక మొదలు, తుంటి ఎముకలు తేలి, నెలల్లో ఎండిపోతుంది. ఇగువానా తోకతో కలిపి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, వాటర్ డ్రాగన్ 60 నుంచి 90 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే ఒకటి గదంత చోటు కోరే జీవి, ఇంకోటి పెద్ద బీరువా అంత పెట్టెలో బతకగలిగేది.

వీటిని విడదీసే గుర్తు మాత్రం అరచేయంత దూరం నుంచే కనిపిస్తుంది. తలను పక్క నుంచి చూడండి. చెవి పొర కింద, దవడ మూల దగ్గర, చుట్టూ ఉన్న పొలుసులకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఒకే ఒక్క గుండ్రటి పలక ఉంటే అది ఇగువానా. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లకు కూడా ఆ పలక ఉంటుంది. వాటర్ డ్రాగన్‌కు అలాంటి ఒంటరి పలక ఉండదు. దవడ పొడుగునా కొంచెం పెద్ద పొలుసుల వరస, కంటి నుంచి చెవి దాకా ముదురు గీత, పిల్లల్లో పక్కల మీద ఏటవాలుగా లేత చారలు ఉంటాయి. పలక లేదు, కాని తోక చుట్టూ ముళ్ల ఉంగరాలు ఉన్నాయంటే అది ముళ్లతోక ఇగువానా, అంటే టీనోసారా. దాని పిల్లలు కూడా పచ్చగానే ఉంటాయి. వెనక కాలి వేళ్లు అసాధారణంగా పొడుగ్గా ఉండి, అంచుల వెంట పొలుసుల కుచ్చు ఉండి, తల వెనక చిన్న తురాయి మొలకెత్తి ఉంటే అది ఆకుపచ్చ బాసిలిస్క్. ఇన్ని జీవులూ 'గ్రీన్ లిజర్డ్' అనే ఒక్క చీటీ కింద చేరిపోగలవు.

ఈ తప్పులు ఎక్కడ పుడతాయో చూస్తే మోసంకన్నా అలసత్వమే ఎక్కువ. అడవిలో పట్టేవాళ్లు, పోగుచేసేవాళ్లు, ఎగుమతిదారు, దిగుమతిదారు, టోకు వ్యాపారి, దుకాణం... ఇన్ని చేతులు మారేసరికి దగ్గరి జాతులు ఒకే డబ్బాలో కలిసిపోతాయి. సరుకు జాబితాలో వ్యాపారపు పేరు మాత్రమే ఉంటుంది. దుకాణంలో పనిచేసేవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు చీటీ మీదికి ఎక్కిస్తారు. పైగా దుకాణానికి వచ్చేవాటిలో ఎక్కువ పిల్లలే. జాతిని పట్టిచ్చే పెద్ద గుర్తులు, అంటే కొమ్ములు, తురాయిలు, గొంతు తిత్తి రంగులు, ఇంకా వాటికి వచ్చి ఉండవు. ఈ కారణాలన్నీ నిజమే. అయినా "మాకు అలాగే వచ్చింది" అనే జవాబును నేను ఒప్పుకోను. జీవిని అమ్మేవాళ్లకు ఆ జీవి ఏదో తెలిసి ఉండాలి.

రంగును చివరికి వదిలేయండి

కొత్తవాళ్లు మొదట చూసేది రంగు. అన్నిటికన్నా ఎక్కువ దారి తప్పించేది కూడా అదే. వేడి, వెలుతురు, భయం, కుబుసం విడిచే సమయం, వయసు, ఆడా మగా తేడా, వీటన్నిటితో రంగు మారుతుంది. దానికి తోడు తరతరాలుగా జతకట్టించి తయారుచేసిన రంగు రకాలు ఉన్నాయి. గెకో అంటే బల్లి. తెల్లటి లెపర్డ్ గెకో, మచ్చల్లేని లెపర్డ్ గెకో, నారింజ రంగు లెపర్డ్ గెకో అన్నీ ఒకే జాతి. రంగును బట్టి అవి వేరువేరు జీవులని చెప్పేవాళ్లను నమ్మడానికి లేదు.

వరసగా చూడాల్సినవి వేరు. మొదట కనురెప్ప: జీవి కన్ను మూస్తుందా, లేక నాలుకతో కంటిని తుడుచుకుంటుందా? తరవాత వేళ్లు: అడుగున అడ్డపొరల మెత్తలు ఉన్నాయా, ఉత్త గోళ్లేనా? తరవాత పొలుసులు: చేప పొలుసుల్లా నున్నగా ఒకదాని మీద ఒకటి పరుచుకున్నాయా, గరుకుగా మధ్యలో గీటుతో ఉన్నాయా, పూసల్లా ఉన్నాయా? ఆ తరవాత నాలుక చీలి ఉందా, తోక అడ్డుకోత గుండ్రమా పక్కలకు నొక్కినట్టా, తొడల లోపలి వైపు చిన్న రంధ్రాల వరస ఉందా? ఈ ప్రశ్నలు చాలు, జీవి ఏ కుటుంబానిదో తేలిపోతుంది. రెప్పల్లేక వేళ్లకు మెత్తలుంటే దాదాపు ఎప్పుడూ బల్లి కుటుంబమే. ఒళ్లంతా నున్నగా మెరుస్తూ, మెడ ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంటే నలికీచు జాతి, దుకాణాల్లో స్కింక్ అనేది. గరుకు పొలుసులు, కదిలే రెప్పలు, మందమైన నాలుక ఉంటే తొండల వైపో ఇగువానాల వైపో చూడాలి. నాలుక పాములా చీలి, మెడ పొడుగ్గా ఉంటే ఉడుమో, ఉడుములాంటి దక్షిణ అమెరికా జీవి టెగూనో.

ఊసరవెల్లిని గుర్తించడంలో అసలు తడబాటే ఉండకూడదు. దాని వేళ్లు విడివిడిగా ఉండవు. ముందు కాలికి లోపల మూడు, బయట రెండు, వెనక కాలికి లోపల రెండు, బయట మూడు చొప్పున కట్టలుగా కలిసి పట్టకారులా ఉంటాయి. కళ్లు బుడిపెల్లా బయటికి వచ్చి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయి. ఐదు వేళ్లూ విడిగా కనిపిస్తే అది ఊసరవెల్లి కాదు. రంగు మారుస్తుందన్న ఒక్క కారణంతో ఊసరవెల్లి పేరున అమ్ముతున్న అనోల్ అనే చిన్న జీవి కావచ్చు, తల ఎర్రబడిన తొండ కావచ్చు.

ఆకుపచ్చ అనోల్, గోధుమ అనోల్ కూడా తరచూ తారుమారయ్యే జంట. ఆకుపచ్చ అనోల్ (అనోలిస్ కారొలినెన్సిస్) గోధుమ రంగులోకి మారగలదు, గోధుమ అనోల్ (అనోలిస్ సాగ్రే) ఎప్పటికీ పచ్చబడదు. చలిలోనో బెదురులోనో పెట్టె అంతా గోధుమ రంగుగా ఉన్నప్పుడు చూసేవాళ్లకు రెండూ ఒకటే. అప్పుడు మూతి చూడాలి. ఆకుపచ్చదానికి తల పొడుగు, మూతి సన్నగా సాగి ఉంటుంది. గోధుమదానికి మూతి పొట్టి, ఒళ్లు బలిష్టం. గోధుమ ఆడవాటి వెన్ను మీద వజ్రాల ఆకారంలో లేత పట్టీ తరచూ కనిపిస్తుంది. మగది గొంతు తిత్తి విప్పితే ఆకుపచ్చదానిది గులాబీ రంగు, గోధుమదానిది పసుపు అంచున్న ఎర్రటి నారింజ. దీనివల్ల సాకే పద్ధతి మారుతుంది. ఆకుపచ్చది చెట్టు పైభాగాన తిరిగేది, నిలువుగా ఎత్తైన పెట్టె కావాలి. గోధుమది నేలకు దగ్గరగా, కాండం మొదట్లో తిరిగేది. రెండిటినీ ఒకే జాతి అనుకుని కలిపి ఉంచితే గోధుమది రెండోదాన్ని అణిచేస్తుంది, దాని చిన్న పిల్లలను తినేస్తుంది. పచ్చటి పిల్లకు కంటి కింద ఒక లేత పసుపు గీత, భుజం మీద ఇంకోటి ఉంటే అది నైట్ అనోల్. అరడుగు జీవి అనుకుని కొన్నవాళ్ల చేతిలో అది అడుగు దాటి పెరిగి గట్టిగా కరుస్తుంది.

బల్లుల చిక్కు

'హౌస్ గెకో' అన్న చీటీ దాదాపు ఏమీ చెప్పదు. ఆ పేరు కింద కనీసం నాలుగు హెమిడాక్టిలస్ జాతులు అమ్ముడవుతాయి. చర్మం దాదాపు నున్నగా ఉండి, తోక మీద చిన్న ముళ్లలాంటి బుడిపెలు ఉంగరాలుగా ఉంటే హెమిడాక్టిలస్ ఫ్రెనేటస్. తోక చదునుగా ఉండి అంచులు రంపంలా ఉంటే, ఒంటి పక్కల చర్మం మడతలా సాగి ఉంటే హెమిడాక్టిలస్ ప్లాటియూరస్. లేత గులాబీ రంగు, పారదర్శకమైన ఒళ్లు, వీపంతా వరసలుగా బుడిపెలు ఉంటే మధ్యధరా ప్రాంతపు టర్సికస్. వీపు మీద వంకీల్లాంటి ముదురు గీతలు, వాటితోపాటు బుడిపెలు కూడా ఉంటే మబూయా అయి ఉండొచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తోక తెగి మళ్లీ పెరిగిందా అన్నది ముందు చూడాలి. మళ్లీ పెరిగిన తోక మొదటిదానిలా ఉండదు. పొలుసులు ఒకేలా, రంగు వెలిసినట్టు, ముళ్లు లేకుండా వస్తుంది. ఫ్రెనేటస్‌కు ముళ్ల ఉంగరాలు లేవే అని దాన్ని ఇంకో జాతిగా తేల్చేయడం ఇలాగే జరుగుతుంది. తోక మీద ఎక్కడైనా రంగూ గరుకూ ఒక్కసారిగా మారే గీత కనిపిస్తే, ఆ గీత కింది భాగాన్ని గుర్తింపుకు వాడకూడదు.

ఈ పెట్టెల్లోకే తరచూ దూరే ఇంకో చిన్న బల్లి మోర్నింగ్ గెకో, అంటే లెపిడోడాక్టిలస్ లుగుబ్రిస్. తోకతో కలిపి 8 నుంచి 10 సెంటీమీటర్లు, వీపు మీద అలల్లాంటి ముదురు గీతలు, ముందు కాలి లోపలి వేలికి గోరు ఉండదు. ఈ జాతిలో దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. తెలియనివాళ్లు ఒక్కటి కొని, కొన్ని నెలలకు పెట్టె నిండా పిల్లలు చూసి కంగారు పడతారు.

లెపర్డ్ గెకోకూ ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్ గెకోకూ తేడా ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే అక్కడ తేమ లెక్క మారిపోతుంది. రెండిటికీ కదిలే రెప్పలున్నాయి, వేళ్లకు మెత్తలు లేవు, తోక కొవ్వుతో ఉబ్బి ఉంటుంది. లెపర్డ్ గెకో పిల్లకు మచ్చలు ఉండవు, పసుపూ నలుపూ పట్టీలుంటాయి. చాలామంది ఇక్కడే పడిపోతారు, పట్టీలున్నవన్నీ ఫ్యాట్‌టెయిల్ అనుకుంటారు. కన్ను చూడండి: మామూలు రంగు లెపర్డ్ గెకోకు కంటిపాప చుట్టూ వెండి బూడిద రంగు, నిలువు చీలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్యాట్‌టెయిల్ కన్ను మొత్తం నల్లటి గోధుమ రంగులో మునిగి ఉంటుంది. లెపర్డ్ గెకోకు గాలిలో తేమ 30 నుంచి 40 శాతం సరిపోతుంది, కుబుసం కోసం ఒక తడి గూడు ఉంటే చాలు. ఫ్యాట్‌టెయిల్‌కు 50 నుంచి 70 శాతం కావాలి. పొడిలో ఉంచితే కుబుసం వేళ్ల చివర్ల ఉంగరంలా బిగుసుకుని, రక్తం ఆగి వేలు రాలిపోతుంది.

క్రెస్టెడ్ గెకో విషయంలో తప్పు ఇంకా త్వరగా చంపుతుంది. అది 28 డిగ్రీల సెల్సియస్ పైన ఎక్కువకాలం ఓర్చుకోలేదు. 'గెకో' అని మాత్రమే రాసి, పక్కన వేడి దీపం అంటగట్టే దుకాణం దానికి ప్రాణాపాయం.

పగటిపూట తిరిగే పచ్చటి ఫెల్సుమా బల్లుల్లో కంటిపాప గుండ్రంగా ఉంటుంది, చీలిక ఉండదు. వీపు కింది భాగంలో మూడు ఎర్రటి మచ్చలు, భుజాల మీద బంగారు రజను చల్లినట్టు చుక్కలు ఉంటే లాటికాడా. ముందు కాళ్ల వెనక ఒక్కో పక్క నల్లటి కంటిమచ్చ ఉంటే క్వాడ్రియోసెల్లాటా. చర్మం పట్టుకుంటేనే చిరిగేంత పలచన కాబట్టి గుర్తింపంతా గాజు బయటి నుంచే జరగాలి.

పెద్దయ్యాక బయటపడే తప్పులు

చిన్న బల్లి పేరు తప్పితే బల్లికి ముప్పు. ఉడుము పేరు తప్పితే ఉడుముకూ, ఇంట్లోవాళ్లకూ ముప్పు. సవన్నా ఉడుము (వరానస్ ఎక్సాంథెమాటికస్) పేరున నైలు ఉడుము (వరానస్ నైలోటికస్) పిల్లను అమ్మడాన్ని నేను అన్నిటికన్నా పెద్ద తప్పుగా లెక్కేస్తాను. మొదటిది సాధారణంగా మీటరు చుట్టుపక్కల ఆగి, నేల తవ్వుకుని కీటకాలు, నత్తలు తింటూ బతికేది. రెండోది రెండు మీటర్ల దాకా పెరిగే, నీళ్లలో ఈదే, బెదురూ దూకుడూ ఎక్కువున్న జీవి.

పిల్లప్పుడే తేడా తెలుస్తుంది. నైలు ఉడుము పిల్ల నల్లటి ఒంటి మీద మెరిసే పసుపు పట్టీలు, చుక్కలతో ఉంటుంది. సవన్నా పిల్ల బూడిద గోధుమ రంగులో, వీపు మీద వెలిసిన గుండ్రటి మచ్చలతో, పొట్టి మెడతో, బొద్దుగా ఉంటుంది. రంగును నమ్మొద్దన్నాను కాబట్టి ముక్కు రంధ్రం చూడండి. సవన్నాలో అది ఏటవాలు చీలిక, మూతి కొసకన్నా కంటికి దగ్గరగా ఉంటుంది. నైలులో గుండ్రానికి దగ్గరగా ఉండే రంధ్రం. సవన్నా మెడ వెనక పొలుసులు పెద్దవి, ఉబ్బెత్తుగా ఉంటాయి. తోక పొట్టి. నైలు తోక ఒంటికన్నా చాలా పొడుగు, పక్కలకు నొక్కినట్టుండి, పైన గట్టు తేలి ఉంటుంది. చీలిక ముక్కు ఉన్నా మెడ పొలుసులు సన్నగా ఉండి, కంటి నుంచి మెడ దాకా ముదురు పట్టీ ఉంటే అది తెల్లగొంతు ఉడుము (వరానస్ ఆల్బిగులారిస్) అయి ఉండొచ్చు. అది సవన్నాకన్నా చాలా పెద్దదవుతుంది.

టెగూల్లో ఇంతకన్నా నికరమైన గుర్తు ఒకటుంది. అర్జెంటీనా నలుపు తెలుపు టెగూ (సాల్వేటర్ మెరియానే), 'కొలంబియన్' లేదా గోల్డెన్ అని అమ్మే టెగూ (టుపినాంబిస్ టెగ్విక్సిన్), రెండూ నలుపు మీద లేత పట్టీలతో ఉంటాయి. కంటికీ ముక్కుకూ మధ్య ఉండే పలకలను లెక్కపెట్టండి. రెండు పలకలుంటే సాల్వేటర్, ఒక్కటే ఉంటే టుపినాంబిస్. రెండు వైపులా లెక్కపెట్టాలి. గాయం వల్లనో పుట్టుకలోని తేడా వల్లనో ఒక వైపు అటూ ఇటూ కావచ్చు. అప్పుడే పుట్టిన సాల్వేటర్ పిల్ల తల, మెడ పచ్చగా మెరుస్తాయి, కొన్ని నెలల్లో ఆ పచ్చదనం పోతుంది. మనిషి చేతికి అలవాటు పడుతుందని పేరున్నది సాల్వేటర్. టుపినాంబిస్ సాధారణంగా బెదురు జీవి. సాల్వేటర్ చలికాలంలో నెలల తరబడి తిండి మాని దాక్కుంటుంది. చీటీ తప్పైతే, మామూలు శీతాకాలపు నిద్రను జబ్బనుకుని బలవంతంగా తినిపించేవాళ్లు ఉంటారు. దానికి తిరగేసి, నిజమైన జబ్బును నిద్ర అనుకుని వదిలేసేవాళ్లూ ఉంటారు.

పేరుతో ధర పెంచే పద్ధతి

కొన్ని చీటీల వెనక అలసత్వం కాదు, లాభం ఉంటుంది. ఆర్మడిల్లో లిజర్డ్ దీనికి నిలువెత్తు ఉదాహరణ. తోకను నోట కరిచి ఉండచుట్టుకునే దక్షిణాఫ్రికా జీవి ఒరోబోరస్ కాటాఫ్రాక్టస్. నెమ్మదిగా పిల్లల్ని కంటుంది, ఒక కాన్పుకు ఒకటో రెండో. దాని పేరు పెట్టి తూర్పు ఆఫ్రికాకు చెందిన కార్డైలస్ ట్రోపిడోస్టెర్నమ్‌ను అమ్ముతారు. అసలుదానికి మెడ, వీపు, పక్కలు, కాళ్లు అన్నిటి మీదా పెద్ద పెద్ద ముళ్ల పొలుసులు కొద్ది వరసల్లో ఉంటాయి. రెండోదానికి వీపు పొలుసులు చిన్నవి, ముళ్లు ప్రధానంగా తోక మీద.

నీలినాలుక స్కింకుల్లోనూ ఇదే వరస. 'నార్తర్న్' అన్న మాట చేర్చగానే విలువ పెరుగుతుంది. నార్తర్న్ అనేది ఆస్ట్రేలియా ఉపజాతి, ముందు కాళ్లు లేత రంగులో, పెద్దగా మచ్చల్లేకుండా ఉంటాయి, కంటి వెనక ముదురు పట్టీ ఉండదు. ఇండొనేసియా వైపు టిలిక్వా గిగాస్‌కు కాళ్లు నలుపు, తోక ఒంటితో పోలిస్తే పొడుగు. ఆస్ట్రేలియా తన దేశపు బతికున్న సరీసృపాల వాణిజ్య ఎగుమతిని అనుమతించదు. కాబట్టి 'అడవిలో పట్టిన నార్తర్న్' అని ఎవరైనా అంటే పేరైనా తప్పు, సరుకైనా అక్రమం. నార్తర్న్‌కు 40 శాతం దగ్గరి పొడి గాలి నప్పుతుంది, గిగాస్‌కు 60 నుంచి 80 శాతం తేమ కావాలి. తారుమారైతే ఒకదానికి ఊపిరితిత్తుల జబ్బు, చర్మం కుళ్లడం. ఇంకోదానికి వేళ్లు పోవడం.

ఎమరాల్డ్ స్విఫ్ట్ అనే పచ్చటి, తొండలాంటి జీవి గురించి ఒక్క మాట. దాని గరుకు ముళ్ల పొలుసులు చూసి ఎడారి జీవుల పెట్టెలో ఇసుక మీద పెడతారు. అది మధ్య అమెరికా కొండ అడవులది, చల్లటి రాత్రులు కావాల్సినది.

ఆడా మగా రాసిన చీటీ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. వెయిల్డ్ ఊసరవెల్లి మగవాటికి వెనక పాదం మడమ మీద చిన్న కొమ్ములాంటి మొలక పుట్టుకతోనే ఉంటుంది, ఆడవాటికి ఉండదు. మగదని కొన్న ఆడదానికి గుడ్లు పెట్టే మట్టి తొట్టి ఎవరూ పెట్టరు. మగ తోడు లేకపోయినా అది గుడ్లు కడుతుంది, పెట్టే చోటు లేక లోపలే ఇరుక్కుని చచ్చిపోతుంది.

ఫొటోలు ఎలా తీయాలి

ఎవరినైనా గుర్తించమని అడిగేటప్పుడు పై నుంచి తీసిన ఒక్క ఫొటో పంపితే, ఎంత తెలిసినవాళ్లైనా ఊహే చెప్పగలరు. కావాల్సినవి ఐదు: తల పక్క నుంచి, ముక్కు రంధ్రం, కన్ను, చెవి మూడూ స్పష్టంగా పడేలా. తల పై నుంచి, పలకలు లెక్కపెట్టగలిగేలా. నడుం దగ్గర వీపు, పక్క పొలుసులు. తోక మొత్తం, మొదలు నుంచి కొస దాకా. గాజుకు అంటుకున్నప్పుడు కింది నుంచి పాదాలు, తొడల లోపలి వైపు. ఫ్లాష్ వాడొద్దు, గాజు మీద మెరుపు పడి పొలుసుల అంచులు పోతాయి. ఫోన్‌ను గాజుకు ఆనించి, వెలుతురు పక్క నుంచి పడేలా చూడండి. గాజు బయట స్కేలు పెట్టి కొలత తీసుకోవచ్చు. అప్పుడు మూతి కొస నుంచి తోక మొదట్లోని చీలిక దాకా కొలవాలి. తోక తెగిపోయి ఉండొచ్చు కాబట్టి మొత్తం పొడుగు నమ్మదగిన లెక్క కాదు.

ఫోన్ యాప్ చెప్పే పేరును మొదటి ఊహగా తీసుకోండి, తీర్పుగా వద్దు. చాలా యాప్‌లు ఫొటో తీసిన చోటును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఏ ఖండం నుంచో వచ్చిన జీవి దుకాణంలో ఉన్నప్పుడు ఆ ఆధారమే తప్పుదారి పట్టిస్తుంది. పిల్లల విషయంలో, జతకట్టించి చేసిన రంగు రకాల విషయంలో ఇంకా ఎక్కువ తడబడతాయి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే

జాతి తేలేదాకా జీవి తానే ఎంచుకునేలా పెట్టెను అమర్చాలి. ఒక చివర 24 డిగ్రీల దగ్గర, ఇంకో చివర ఎండ కాచుకునే చోటు 33 నుంచి 35 డిగ్రీలు. రెండు చివర్లా దాక్కునే గూళ్లు, వాటిలో ఒకటి లోపల తడి నాచుతో. యూవీబీ దీపం (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది) సగం పెట్టెకే పడాలి, మిగతా సగం నీడ. ఎక్కడానికి కొమ్మ, తవ్వడానికి మట్టి, వెడల్పైన గిన్నెలో నీళ్లు. తరిగిన ఆకులు ఒక గిన్నెలో, కాల్షియం పొడి అద్దిన కీటకాలు ఇంకో గిన్నెలో పెట్టండి. కీటకం జీవి రెండు కళ్ల మధ్య దూరంకన్నా పెద్దది కాకూడదు. ఏది తింటుందో, రోజులో ఏ వేళకు ఏ మూల ఉంటుందో రాసిపెట్టుకుంటే అది కూడా గుర్తింపుకు ఆధారమే. ఇది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. ఎండ బాగా కాచుకునే ఉడుములకు, ఎడారి జీవులైన యూరోమాస్టిక్స్‌కు ఆ వేడి చాలదు. వాటికి రాయి మీద 50 డిగ్రీలు దాటాలి. అందుకే గుర్తింపు వారాల్లోపే తేలాలి.

ఇంకో జీవితో కలపొద్దు. పాత మచ్చలు, తెగి పెరిగిన తోక, చంకల్లో చెవి చుట్టూ పిడుదులు, తేలిన తుంటి ఎముకలు కనిపిస్తే అడవిలో పట్టిందనే అనుమానించి, పశువైద్యుల దగ్గర పేడ పరీక్ష చేయించండి. కనీసం రెండు నెలలు వేరుగా ఉంచండి.

పేరు తప్పని దుకాణంలోనే తేలితే కొనకండి. జాలిపడి కొనేవాళ్ల మంచి మనసు నాకు అర్థమవుతుంది. కాని ఖాళీ అయిన పెట్టెలోకి అదే టోకు వ్యాపారి నుంచి అదే తప్పు పేరుతో ఇంకో జీవి వస్తుంది. దానికన్నా దుకాణంవాళ్లకు గుర్తు చూపించి చీటీ మార్పించండి. మర్యాదగా, చెవి కింద పలకను వేలితో చూపిస్తే చాలామంది వింటారు.

చీటీ మీద ఉండాల్సినవి ఎక్కువేమీ కాదు. శాస్త్రీయ నామం, పుట్టిన తేదీ లేదా వచ్చిన తేదీ, ఆడా మగా, పెద్దయ్యాక పొడుగు, పెంపకంలో పుట్టిందా అడవిలో పట్టిందా. చివరిదానికి చాలా జాతుల విషయంలో కాగితం కూడా ఉంటుంది. ఇగువానాలు, ఉడుములు, టెగూలు, ఫెల్సుమాలు, యూరోమాస్టిక్స్, కార్డైలస్ జాతులు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటీస్ జాబితాల్లో ఉన్నాయి. 2019లో టోకే గెకో చేరింది. 2022లో పనామా సమావేశంలో వాటర్ డ్రాగన్‌ను కూడా చేర్చారు, 2023 నుంచి అది అమల్లో ఉంది. వాటి అనుమతి పత్రంలో శాస్త్రీయ నామం పక్కనే ఒక ఆంగ్ల అక్షరం ఉంటుంది. డబ్ల్యూ అంటే అడవి నుంచి పట్టింది, సి అంటే పెంపకంలో పుట్టింది, ఎఫ్ అంటే పెంపకంలోనే పుట్టినా సి నియమాలకు సరిపోనిది, ఆర్ అంటే అడవి నుంచి గుడ్లో పిల్లలో తెచ్చి పెంచింది. కాబట్టి ఈ జాబితాల్లో ఉండి దిగుమతి అయిన జీవి విషయంలో దుకాణానికి పేరు తెలియకపోవచ్చు కాని, ఆ పేరున్న కాగితం సరఫరా వరసలో ఎక్కడో ఒక చోట తప్పకుండా ఉంటుంది. ఆ కాగితం నకలు చూపించమని అడగండి. అందులోని పేరూ, అక్షరమూ, మీరు గాజు బయటి నుంచి చూసిన పలకలూ పొలుసులూ ఒకదానితో ఒకటి సరిపోయాకే కొనండి.